గడప లేని పోటమ్మ తల్లి

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఉత్తరాన, మడ అడవి అంచున, పోటమ్మపాలెం ఉంది. ఇక్కడికి వచ్చే భక్తులు ముందు చెప్పులు విడుస్తారు. తరవాత పంచెలూ చీర కుచ్చెళ్ళూ మోకాళ్ళ పైకి ఎగదోపుకుంటారు. ఈ తల్లిని పొడి కాళ్ళతో దర్శించుకున్నవారు లేరు.

గుడి అంటే నాలుగు తాటి స్తంభాలూ, పైన తాటాకు కప్పూ. గోడలు లేవు, గడప లేదు, ఇక తలుపు ఊసే లేదు. నడుమ ఒక ముసలి ఉప్పుపొన్న చెట్టు కప్పును దాటి పైకి పోయింది. బురదలోకి దిగిన దాని ఊతవేళ్ళు, గంపను పట్టుకున్న చేతివేళ్ళలా, ఒక నల్లరాతిని చుట్టూ పట్టుకుని ఉంటాయి. ఆ రాయే పోటమ్మ తల్లి. రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు కాలవల వెంట లోపలికి నడిచివచ్చి, అమ్మవారి పాదాలు కడిగి, నీరు తీసే పాటు వేళకు వెనక్కు వెళుతుంది. ఆ తరవాతే పూజ. పోటు వేళ రోజురోజుకూ ముప్పావుగంట పైచిలుకు ఆలస్యంగా జరుగుతుంది కనుక పూజ వేళా అలాగే జరుగుతుంది. బస్సు ఆగేచోట పలక మీద ఆనాటి వేళను సుద్దతో రాసి పెడతారు. అది చూడకుండా వచ్చి, బురదలో నిలబడి నిలబడి విసుక్కున్నవారు కూడా, నీరు అమ్మ పాదాలను తాకే క్షణాన విసుగు మరిచిపోతారు.

ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. మొక్కు తీర్చుకునేవారి చేతికి ఒక పారా, ఒక తట్టా ఇస్తారు. కాలవలో పూడిన ఒండ్రును ఒక తట్టెడు తీసి గట్టున పోస్తే మొక్కు చెల్లినట్టే. ఆ ఒండ్రుతోనే నుదుట బొట్టు పెడతారు. గుడికి ఎడమపక్క నడుమెత్తు గుంజ మీద ఒక చేపను ఉంచుతారు. అది బావురుపిల్లి వాటా. నీటిలో దిగి చేపలు పట్టే ఈ మచ్చల పిల్లి అమ్మవారి వాహనం. దాని వాటా గుంజ మీదికి ఎక్కనిదే ఊళ్ళో ఏ ఇంటా చేపల కూర పొయ్యెక్కదు.

అమ్మవారికి గడప ఎందుకు లేదు, పిల్లికి వాటా ఏమిటి అని భక్తులు అడుగుతూనే ఉంటారు. ఊరి పెద్దల నోట తరతరాలుగా నిలిచిన కథ ఇది.

పూర్వం ఇక్కడ ఉన్న ఊరి పేరు మడపాలెం. తెరచాప పడవల కాలం. ఊరికీ సముద్రానికీ నడుమ మడ అడవి దట్టంగా ఉండేది. అడవిలో పాయలు, పాయల్లో చేపలు, వేళ్ళ సందుల్లో మండపీతలు. అడిగినవారికి లేదనని అడవి. అడిగేవారు ఎక్కువయ్యారు. పొయ్యిలోకి మడకట్టె, పడవకు మడకట్టె, ఎండుచేపల పందిళ్ళకు మడకట్టె. పడవలు దిగడానికి అనువుగా ఉంటుందని సముద్రం వైపు చెట్లను బారెడు బారెడుగా నరుక్కుంటూ వచ్చారు. పాయ ఒడ్డున ఉన్న నల్లరాతికి గంగమ్మ అని పసుపు రాసేవారు. ఆ రాతి చుట్టూ ఉన్న చెట్లను మాత్రం నరకలేదు.

ఆ ఊళ్ళో సంగాడి మరిడమ్మ అనే ఇల్లాలు ఉండేది. భర్త సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఇనుపకొక్కెం పట్టుకుని మడలోకి దిగి, బొరియల్లోంచి పీతలు లాగి, అత్తనూ కూతురునూ పోషించుకునేది. కూతురు బుల్లెమ్మ తల్లి వెంటే అడవికి వచ్చేది. కొమ్మకు వేలాడుతూనే మొలకెత్తే ఉప్పుపొన్న గింజలను చూసి, "అమ్మా, ఇది కడుపులో ఉండగానే కాళ్ళు చాపేసిందే" అని నవ్వేది.

ఒక కార్తీకంలో ఉప్పెన వచ్చింది. చెట్లు నరికిన ఖాళీ ఎంత వెడల్పు ఉందో అంత వెడల్పున సముద్రం ఊరి మీద పడింది. మరిడమ్మ చేతిలోంచి బుల్లెమ్మ చెయ్యి జారిపోయింది. నీరు తీశాక మరిడమ్మ అడవంతా వెతికింది. బిడ్డ దొరకలేదు.

ఊరి పెద్ద లోవరాజు మరిడమ్మకు స్వయానా బావగారు. ఆ ఉప్పెనలో పోయినవారిలో పద్దెనిమిది మందిని ఆయన తన చేతులతో పూడ్చిపెట్టాడు. ఇక ఇక్కడ బతకాలా వద్దా అని ఊరు కూర్చుని మాట్లాడుతుంటే, మరిడమ్మ లేచి వెళ్ళి తట్ట తెచ్చుకుంది. పాయ మూతి దగ్గర మట్టి పొయ్యడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తన్నావే?" అన్నాడు లోవరాజు.

"దారి ఉంటేగా బావగారూ అది వచ్చేది. దారి మూసేస్తన్నాను."

ఆ మాట ఊరికి నచ్చింది. కడుపు కాలిన తల్లి మాటకు ఎదురు చెప్పేవారెవరు? ఆడా మగా తట్టలు పట్టారు. ఉత్తరపు పాయ నుంచి దక్షిణపు పాయ దాకా నిలువెత్తు గట్టు లేచింది. పాయల మూతులన్నీ మూసేశారు. దానికి బుల్లెమ్మ గట్టు అని పేరు పెట్టారు. గంగమ్మ రాతిని కూడా పాయ ఒడ్డు నుంచి పెకలించి గట్టు మీదికి చేర్చారు. చుట్టూ గోడ కట్టి, నీటిచుక్క తగలకుండా మోకాలెత్తు గడప పెట్టారు.

మరిడమ్మ అత్త, లోవరాజు తల్లి నరసాయమ్మకు మాత్రం ఆ గది నచ్చలేదు. "ఒరే లోవా, అమ్మోరిని గదిలో పెట్టి గడప కట్టావు. ఆవిడేమన్నా కొత్త కోడలా?" అంది. ముసలామె మాటకు అందరూ నవ్వారు. ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి ఏడు ఊరు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయింది. రెండో ఏడు మడ ఆకు పసుపు పారింది. పోటు రాదు, పాటు పోదు. గట్టు వెనక నిలిచిన నీరు ఎండకు ఇగిరి, నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. ఉప్పునీట బతికే చెట్టుకు ఉప్పే విషమయింది. నీరు వచ్చి ఉప్పును కడిగి పోవాలి. రాకపోతే ఎంతటి మడచెట్టయినా నిలబడి చచ్చిపోతుంది. ఆ సంగతి అప్పటికి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎందుకంటే అంతవరకూ ఎవరూ సముద్రాన్ని ఆపి చూడలేదు.

చెట్లు మోడులయ్యాయి. పీతలు లేవు, కొంగలు లేవు. చేపపిల్లలు పెరిగే పాయలే లేకపోవడంతో వేటకు వెళ్ళిన పడవలు తేలిగ్గా తిరిగి వచ్చేవి. ఆకలికి బావురుపిల్లులు ఊళ్ళోకి వచ్చి ఎండుచేపల పందిళ్ళ మీద పడ్డాయి. కనబడ్డదాన్ని కనబడ్డట్టు కొట్టి చంపారు. అటు గట్టుకు సముద్రం వైపున అలను ఆపే చెట్టు లేదు. ఏటా సముద్రం గట్టును కొరుకుతూనే ఉంది, ఊరు ఏటా మట్టి మోస్తూనే ఉంది. సముద్రమూ మారింది. తాతలు చూసిన చోట ఒడ్డు లేదు. తుఫానులు వేళ తప్పాయి, ఒకదాని వెనక ఒకటి వచ్చేవి.

చివరికి లోవరాజు ఊరిని కూర్చోబెట్టి చెప్పాడు. "ఇక్కడ తిండి లేదు. గట్టు మొయ్యడానికి ఒంట్లో సత్తువా లేదు. శ్రావణ పున్నమి దాకా చూద్దాం. అప్పటికి నేల మీద పీత అన్నది కనబడకపోతే మూటలు కట్టుకుని మెరకకు పోదాం."

మరిడమ్మకు ఆ మాట కంటే కష్టం లేదు. బిడ్డ దొరకలేదు కనుక, ఈ నేలలోనే, ఈ నీటిలోనే ఎక్కడో ఉంది. తాను వెళ్ళిపోతే బుల్లెమ్మ ఒక్కతే ఇక్కడ ఉండిపోతుంది. పైగా గట్టు కట్టించింది తాను. అడవి ఎందుకు చచ్చిందో ఆమె మనసు లోలోపల అనుమానిస్తూనే ఉంది. బిడ్డ పేరు పెట్టిన గట్టును అనుమానించడానికి నోరు రాలేదు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఆమె గట్టు నీడన కూర్చుని కునుకు తీసింది. కలలో ఒక నల్లటి ముసలమ్మ వచ్చి పక్కన కూలబడింది. రెండు కాళ్ళూ చాపింది. ఎండిన చెరువు నేలలా మడమలు నెర్రెలు విచ్చి ఉన్నాయి.

"కాళ్ళు మండిపోతన్నాయే పిల్లా. నీళ్ళు పొయ్యి."

మరిడమ్మ ముంతలోని మంచినీళ్ళు పోయబోయింది. ముసలమ్మ కాళ్ళు వెనక్కు తీసుకుంది.

"ఇయ్యి కాదు. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి నా కాళ్ళు కడిగే మనిషి ఒకతి ఉండేది. ఆవిణ్ణి బయట నిలబెట్టి తలుపేశావు."

"అది నా బిడ్డను మింగింది తల్లీ."

"మింగింది. నిన్నూ నీ బిడ్డనూ అన్నేళ్ళు సాకింది కూడా అదే. దారి ఉంటే నడిచి వస్తుంది, దారి మూస్తే దూకి వస్తుంది. దానికి తెలిసింది అంతే. నా చెట్లకు దాని వేగం ఎలా పట్టుకోవాలో తెలుసు. చెట్లను నువ్వు చంపి, అలను నన్ను ఆపమంటే ఎలా?"

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"మీరు దొంగముండ అని తరుముతున్నారే, దాని వెనకాల వెళ్ళు" అని చెప్పి ముసలమ్మ మాయమైంది.

మరిడమ్మకు మెలకువ వచ్చేసరికి ఎదురుగా, పది బారల దూరంలో ఒక బావురుపిల్లి నిలబడి ఉంది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. నోట కూన ఉంది. అది ఆమెను ఒకసారి చూసి, గట్టు వెంట ఉత్తరంగా నడిచింది. మరిడమ్మ కొక్కెం పట్టుకుని వెనకే వెళ్ళింది.

గట్టు వంపు తిరిగే చోట అది ఆగింది. అక్కడ గట్టు అడుగున చారెడు కన్నం. పూర్వం ఎప్పుడో పీత తొలిచిన బొరియ. దానిగుండా పోటు నీరు దారంలా లోపలికి కారుతోంది. ఆ దారం తడిపిన నేల గట్టిగా చాపంత ఉంటుంది. ఆ చాపంత నేల మీద ఒక ఉప్పుపొన్న చెట్టు నిగనిగలాడుతూ నిలబడి ఉంది. కొమ్మలకు గింజలు కాళ్ళు చాపుకుని వేలాడుతున్నాయి. పిల్లి కూనను వేళ్ళ మధ్య దింపి, గుంటలో మునివేళ్ళు ముంచి, చటుక్కున చిన్న చేపను ఎగరేసింది. అడవి మొత్తం చచ్చినా ఇక్కడ చావలేదు. తేడా ఏమిటో మరిడమ్మకు చెప్పేవారు అక్కర్లేకపోయింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, కొక్కెంతో ఆ కన్నాన్ని పెద్దది చెయ్యడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. లోవరాజు పదిమందితో వచ్చాడు.

"నీకు మతి పోయిందా అమ్మాయ్? ఇది నీ బిడ్డ పేరున కట్టిన గట్టు."

"అందుకే వేరేవాళ్ళ చేత తవ్వించలేదు బావగారూ."

"రేపు ఉప్పెన వస్తే?"

"ముందు నా కొంప ముంచాలి. నా పాకను ఇక్కడికే మార్చుకుంటాను, ఈ కాలవ మూతి ఎదురుగా. దాని గడప దాటి నీళ్ళు ఊళ్ళోకి రావాలి."

లోవరాజు ముఖం తిప్పుకున్నాడు. మళ్ళీ శవాలను పూడ్చిపెట్టే ఓపిక తనకు లేదని మెల్లగా అన్నాడు. తరవాత పార ఉన్నవారితో ఆ గండిని మూసెయ్యమన్నాడు. వారు ముందుకు అడుగు వేసేలోగా వెనకనుంచి కర్ర చప్పుడు వినబడింది. నరసాయమ్మ గుంపును తోసుకుంటూ వచ్చి, చీర తడుస్తుందని కూడా చూసుకోకుండా, గండిలో చతికిలబడింది.

"అమ్మా, లెగు" అన్నాడు లోవరాజు.

"లేవను. నడుం పట్టేసింది. నన్ను పెట్టే పూడ్చండి."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వులాటేట్రా? నాలుగేళ్ళయింది నా నోట మండపీత ముక్క పడి. ఎలాగూ చస్తాను. ఈ గండిలో చచ్చినా ఓ చేప కొరుక్కుతింటది, పుణ్యం వస్తది. ఏరా, కొట్టు పార. పెద్ద మగాడివి."

పారలు పట్టినవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కన్నతల్లి మీద మట్టి పొయ్యమని చెప్పలేక, వెళ్ళిపొమ్మని ఆమెను అనలేక, లోవరాజు పారలు దించమని సైగ చేశాడు. చివరికి, "శ్రావణ పున్నమి దాకానే" అని వెనుదిరిగాడు.

మరిడమ్మ ఆ గండి నుంచి లోపలికి బాణంలా తిన్నగా ఒక కాలవ తవ్వింది. పోటు ఉరికివచ్చింది, పాటు అంతకంటే జోరుగా ఉరికిపోయింది. పోతూ పోతూ మట్టినీ, ఆమె నాటిన మొలకలనూ ఊడ్చుకుపోయింది. మళ్ళీ నాటింది. మళ్ళీ పోయాయి. ఊళ్ళో వాళ్ళు ఆమెను చూసి జాలిపడటం మొదలుపెట్టారు. అది తిట్టు కంటే బరువుగా ఉండేది.

ఒక ఉదయం ఆమె గట్టు మీద అమ్మవారి గదికి వెళ్ళింది. మోకాలెత్తు గడప మీద, ఎవరో పెట్టినట్టు, ఒక చేప ముల్లు ఉంది. మాంసం మొత్తం నాకేసిన శుభ్రమైన ముల్లు. పక్కనే బురద పాదం గుర్తు. బావురుపిల్లి తిని వదిలింది. మరిడమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నడుమ ఒకటే వెన్ను. దానికి రెండు పక్కలా ఏటవాలుగా సన్నటి ముళ్ళు, మొదట పొడుగు, పోను పోను పొట్టి. నీటిలో పుట్టిన ప్రాణికి దేవుడు ఎముకలను ఎలా పేర్చాడో ఆమె రోజూ చూస్తూనే ఉంది, అన్నంలోంచి తీసి పారేస్తూనే ఉంది. ఇప్పటిదాకా ఇలా పట్టి చూడలేదు.

ఆ రోజునుంచి కాలవకు రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలవలు తీసింది. ఈసారి నీరు ఉరకలేదు. వెన్ను కాలవలో వచ్చి, పక్క కాలవల్లోకి చీలి, వేగం తగ్గి, నేలంతా నెమ్మదిగా తడిపి, ఉప్పును కడుక్కుని వెనక్కు వెళ్ళింది. నరసాయమ్మ గట్టున కూర్చుని ఉప్పుపొన్న గింజలు అందించేది. "తలకిందులుగా గుచ్చుతున్నావే మరిడీ, దాని కాళ్ళు అటు" అని సాధించేది.

శ్రావణ పున్నమికి ముందు రోజు మరిడమ్మ కొక్కెం ఒక బొరియలోకి పెడితే లోపలనుంచి ఏదో పట్టుకుని లాగింది. అరచేతంత మండపీత. ఆమె దాన్ని కట్టి, అత్త చేతికి ఇచ్చింది. నరసాయమ్మ దాన్ని వండుకోలేదు. కొడుకు ఇంటికి పట్టుకెళ్ళి అతడి పీట ముందు వదిలిపెట్టింది. అది డెక్కలు ఎత్తి లోవరాజు మీదికి వచ్చింది.

"చూశావా, ఊరి పెద్ద ఎవరో దానికి తెలియలేదు" అంది ముసలమ్మ.

లోవరాజు ఎన్నో ఏళ్ళ తరవాత నవ్వాడు. మరునాడు తన పార తానే భుజాన వేసుకుని కాలవ దగ్గరికి వచ్చాడు. గట్టుకు ఇంకో గండి ఎక్కడ కొట్టాలో చెప్పమని మరదలిని అడిగాడు. ఊరు కదల్లేదు. మూటలు విప్పుకుంది.

ఏళ్ళు గడిచాయి. నరసాయమ్మ పీతలు తిని తిని కాలం చేసింది. పాయ పాయకూ గండి పడింది, గండి గండికీ చేపముల్లు కాలవలు పడ్డాయి. నల్లమడ, కళింగ, ఉప్పుపొన్న చెట్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని లేచాయి. నాటినవి కొన్ని, నీరు తెచ్చి నాటినవి అంతకు ఎన్నో రెట్లు. దారి ఇస్తే చాలు, మిగిలింది అడవే చూసుకుంది. మరిడమ్మ మాత్రం మాట ఇచ్చినట్టే తన పాకలో, మొదటి కాలవ ఎదుట ఉండిపోయింది.

అప్పుడు మళ్ళీ కార్తీకం వచ్చింది, మళ్ళీ ఉప్పెన వచ్చింది. వెనకటి దానికంటే పెద్దదని రెండూ చూసినవారు చెప్పారు. ఊరు ఊరంతా మెరక మీద చేరింది. లోవరాజు తడిసిపోతూ వచ్చి, పాకలోంచి బయటికి రమ్మని మరదలిని బతిమాలాడు.

"వచ్చేస్తాను బావగారూ. ఒక్కసారి దాని ముఖం చూసి వస్తాను" అంది మరిడమ్మ.

సముద్రం లేచింది. మిగిలిన గట్టును ఒక్క దెబ్బకు పిండిలా కలుపుకుంది. గట్టు మీద అమ్మవారి గది, గోడలతో గడపతో సహా కూలింది. తరవాత అల అడవిలోకి దూరింది. వేల వేళ్ళు దాని కాళ్ళకు అడ్డుపడ్డాయి. అది పడింది, లేచింది, మళ్ళీ పడింది. కాలవల్లోకి చీలింది, పిల్లకాలవల్లోకి చీలింది. పరుగు నడకయింది, నడక పాకులాటయింది. మరిడమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. నురుగు తేలిన నీరు పాక ముందుకు వచ్చి, గడపను తాకి, ఆమె పాదాల మీదుగా ఒకసారి మెత్తగా పోయి, ఆగింది.

తెల్లవారేసరికి ఊళ్ళో ఒక్క పొయ్యి కూడా మునగలేదు. ఒక్క మనిషి పోలేదు. ఎదురుగా పెద్ద కళింగ కొమ్మ మీద ఒక బావురుపిల్లి, పక్కన రెండు కూనలతో, ఒళ్ళు నాక్కుంటూ కూర్చుంది.

ఊరివారు పరుగు పరుగున కిందికి వచ్చారు. మరిడమ్మ పాక ముందు, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా, గట్టు మీది గంగమ్మ రాయి నిలబడి ఉంది. అంత దూరం నుంచి అమ్మవారు పోటుతో కలిసి నడిచి వచ్చింది. రాతి పక్కనే బురదలో ఒక ఉప్పుపొన్న గింజ, ఎవరూ గుచ్చకుండానే, కాళ్ళు కిందికీ తల పైకీ నిటారుగా నాటుకుని ఉంది. రెండు లేత ఆకులు అప్పుడే విచ్చుకున్నాయి.

మరిడమ్మ ఆ మొలక ముందు కూర్చుంది. "వచ్చావా" అంది. అంతవరకూ ఊళ్ళో ఎవరి ముందూ ఏడవని మనిషి ఆ రోజు ఊరందరి ముందూ ఏడ్చింది.

లోవరాజు అమ్మవారిని తిరిగి మెరకకు చేర్చమని అనలేదు. పాకను అక్కడినుంచి మార్చారు, గడపను పీకేశారు. నాలుగు తాటి స్తంభాలు నిలబెట్టారు. గంగమ్మ పోటమ్మ అయింది, మడపాలెం పోటమ్మపాలెం అయింది. ఆనాటి రెండాకుల మొలకే నేడు అమ్మవారిని వేళ్ళతో పట్టుకున్న చెట్టు. ఊరివారు దానిని నేటికీ బుల్లెమ్మ అనే పిలుస్తారు.

నేడు ఈ క్షేత్రంలో వెన్ను కాలవలు నలభై ఒకటి, వాటికి పిల్లకాలవలు వెయ్యికి పైగా ఉన్నాయి. వాటిలో ఏదీ పూడకుండా ఉన్నదంటే భక్తుల తట్టల పుణ్యమే. ఏటా శ్రావణ పౌర్ణమికి జరిగే తీర్థంలో ఒక్కొక్కరు ఒక్క తట్ట చొప్పున తీసే ఒండ్రు, ఇరవై ఎడ్లబళ్ళకు తగ్గదు. తీర్థం ముందు ఆడవారు గుడి ఎదుట తడి ఇసుకలో చేపముల్లు ముగ్గు వేస్తారు. తొలి పోటు వచ్చి ఆ ముగ్గును చెరిపేస్తేనే అమ్మవారు మెచ్చినట్టు. పూజారులు సంగాడి వారి ఆడపడుచులే. గుంజ మీద పెట్టిన చేప తెల్లవారేసరికి ఉండదు. అడవిలో దాచిన కెమెరాలకు కిందటి ఏడు ముప్పై ఏడు బావురుపిల్లులు చిక్కాయి, అంతకు ముందటి ఏడు ఇరవై తొమ్మిది.

మరొక ఆచారం కూడా ఉంది. ఊరికి పడమటి వైపు, అడవి అంచు నుంచి మెరక దాకా, ఎవరూ ఇల్లు కట్టరు, గట్టు పొయ్యరు, చెరువు తవ్వరు. దానికి అమ్మ నడిచే దారి అని పేరు. సముద్రం తరానికి కొంత చొప్పున లోపలికి వస్తూనే ఉంది. అది ఒక అడుగు ముందుకు వేసినప్పుడల్లా అమ్మా తన చెట్లతో ఒక అడుగు వెనక్కు వేయాలి, అందుకు చోటు ఉండాలి. తాతల నాడు మేకలు మేసిన ఆ బీడులో ఈ తరంవారు ఉప్పుపొన్న మొలకలను చూస్తున్నారు. ఎవరూ నాటలేదు. నీరు తెచ్చింది, నేల పట్టుకుంది.

కిందటి ఆశ్వయుజంలో పెనుతుఫాను వచ్చినప్పుడు కూడా పలక మీద పూజ వేళ రాశారు. ఆ రోజు పోటు ముందే వచ్చింది. అమ్మవారి నడుము దాకా కడిగి, కాలవల్లో చీలి, ఎప్పటిలాగే నడుచుకుంటూ వెనక్కు వెళ్ళింది. పూజ కాస్త ఆలస్యంగా జరిగింది.

పోటమ్మ తల్లిని తడి పాదాలతో దర్శించి, ఒక తట్టెడు ఒండ్రు తీసి, నుదుట బొట్టు పెట్టుకున్నవారి ఇంట సంతానం నిలుస్తుందనీ, నీటి మీద వేటకు వెళ్ళినవారు క్షేమంగా ఒడ్డు చేరతారనీ నమ్మకం. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ఇక్కడ ఒక గింజ నాటి, దానికి ఆ బిడ్డ పేరు పెట్టి వెళతారు. మరుసటి ఏడు వచ్చి చూసుకుంటారు. ఆ పేర్లతో పిలిపించుకునే చెట్లు ఇప్పుడు అడవిలో ఎన్నో పైకి లేచి, సముద్రానికి ఎదురుగా నిలబడి ఉన్నాయి.